శాలువా ఎందుకండీ, లెక్క అడగండి

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక పోస్టర్ పెట్టారు. బి బ్లాకులో ఉండే ఒక ఫ్యామిలీ జాంబియాలో వాలంటీర్లుగా పనిచేసి ఈమధ్యే తిరిగొచ్చారు, ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో వాళ్ళకి ఆత్మీయ సన్మానం. పోస్టర్ మీద ఆఫ్రికా మ్యాపు, మ్యాపు మీద సింహం, కింద నలుగురి ఫోటో. ఆయన మంచినీళ్ళ స్కీముల్లో పనిచేసే ఇంజనీరు అని విన్నాను, మరి సింహానికీ ఆయనకీ ఏంటి సంబంధమో తెలీదు. సెక్రటరీ గారు నాకు ఫోన్ చేసి, మీరూ మేడం గారూ అప్పట్లో వెళ్ళొచ్చారు కదండీ, ఓ పది నిమిషాలు మాట్లాడాలి అన్నారు. ఏం మాట్లాడమంటారు సార్ అంటే "అదేనండీ, అక్కడి కష్టాలు, మీ త్యాగం, అలాంటివి" అన్నారు.

అప్పట్నుంచీ ఇదే బుర్రలో తిరుగుతోంది. మేం జాంబియా పక్క దేశం మలావీ వెళ్ళింది 2016 చివర్లో, వచ్చేసింది 2018 చివర్లో. మా ఆవిడ నర్సు, పురిటి పిల్లల వార్డులో పాతికేళ్ళ అనుభవం. పోస్టు ఆవిడది, నేనూ పిల్లలూ వెంట వెళ్ళిన సామాను. వచ్చాక మాకూ శాలువాలు కప్పారు, దండలేశారు, మైకిచ్చారు, ఫోటోలు పేపర్లో జిల్లా ఎడిషన్లో వచ్చాయి. ఇన్ని సభల్లో మమ్మల్ని ఒక్కళ్ళు కూడా పనికొచ్చే ప్రశ్న ఒక్కటి అడగలేదు. ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్ళొచ్చినవాణ్ణి టూర్ రిపోర్టు అడుగుతారు, టీఏ బిల్లుకి రసీదులు అడుగుతారు, ఒక కుటుంబం రెండేళ్ళు ఇంకో దేశంలో ఆసుపత్రిలోనో బళ్ళోనో పనిచేసొస్తే మాత్రం ఏమీ అడక్కుండా శాలువా కప్పి కూర్చోబెడతారు. గౌరవం అనుకుంటాం గానీ నాకది ఒకరకంగా మమ్మల్ని తప్పించి పంపేయటంలా అనిపిస్తుంది. అడగాల్సినవి అడిగితే చెప్పటానికి చాలా ఉంది, అందులో కొంత మాకూ ఇబ్బందిగానే ఉంటుంది, అందుకే అడగాలి అంటున్నా.

ముందు ఆ త్యాగం సంగతి తేల్చేద్దాం. మేమున్నది జోంబాలో. దక్షిణాన కొండ పక్కన ఊరు, 1975 దాకా దేశానికి రాజధాని, ఆ తర్వాత రాజధాని లిలాంగ్వేకి పోయింది, చెట్లూ పాత బంగళాలూ మిగిలాయి. మాకిచ్చింది ఇటుక ఇల్లు, రేకుల కప్పు, పెరట్లో రెండు మామిడి చెట్లు, ఒక అవకాడో చెట్టు. ఇక్కడ రెండు బెడ్రూముల ఫ్లాట్లో ఉండేవాళ్ళం, అక్కడ పిల్లలు సైకిలు తొక్కేంత జాగా. రాత్రికి కాపలా ఆయన, పగలు ఇంటిపనికి ఒకావిడ, ఇద్దరికీ జీతం మేమే ఇచ్చుకునేవాళ్ళం, అంటే ఇచ్చుకోగలిగేవాళ్ళం. మమ్మల్ని పంపిన సంస్థ ఇంటద్దె, ఇన్సూరెన్సు, విమానం టికెట్లు పెట్టుకుని, నెలకి అక్కడి నర్సుల జీతానికి దగ్గరగా అలవెన్సు ఇచ్చేది. బాగా మిగలదు, అప్పూ అవదు. బ్లాంటైర్ నగరంలోని లింబే వెళ్తే గుజరాతీవాళ్ళ కొట్లలో ఇంగువ దగ్గర్నుంచి అప్పడాల దాకా దొరికేవి. ఇందులో త్యాగం ఎక్కడుందో నాకైతే కనపడలేదు.

కరెంటు ఒక్కటే ఏడిపించింది. ఆ దేశంలో కరెంటు దాదాపు అంతా షిరే నది మీదే ఆధారం, 2017 చివర్లో నదిలో నీళ్ళు తగ్గిపోయి గంటల తరబడి కోతలు. మా ఇంట్లో కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించి పిల్లలు పేకాడుకునేవాళ్ళు. ఆసుపత్రిలో కరెంటు పోతే నెలలు నిండని పిల్లల పక్కన ఆక్సిజన్ మెషీను ఆగిపోయేది. జనరేటర్‌కి డీజిల్ ఉందా లేదా అన్నది ఆ నెల బడ్జెట్‌ని బట్టి. కష్టాలు చెప్పమంటే ఇవి చెప్పాలి, కానీ ఇవి మా కష్టాలు కావు కదా.

మీరొచ్చేశాక ఆ పని ఎవరు చేస్తున్నారు?

నేనైతే మొదట అడిగే ప్రశ్న ఇదే. మలావీ సంగతి కొంచెం చెప్పాలి. నెలలు నిండకుండా పుట్టే పిల్లల లెక్కలు దేశాలవారీగా 2012లో వేస్తే అన్నిటికంటే పైన ఉన్నది మలావీ, నూటికి 18 మంది. అదే సమయంలో చూసుకోవాల్సిన నర్సులు తక్కువ, ఎందుకంటే 2000 ప్రాంతంలో చాలామంది బ్రిటన్ వెళ్ళిపోయారు. మన డాక్టర్లు అమెరికా వెళ్ళినట్టే, అక్కడ జీతం ఎక్కువ కాబట్టి, తప్పేం కాదు. 2004లో అక్కడి ప్రభుత్వం, డబ్బిచ్చే దేశాలూ కలిసి ఒక అత్యవసర పథకం పెట్టాయి. ఉన్నవాళ్ళు వెళ్ళిపోకుండా జీతం మీద 52 శాతం అదనంగా ఇవ్వటం, నర్సింగ్ కాలేజీల్లో సీట్లు పెంచటం, కొత్త బ్యాచ్‌లు బయటికొచ్చేదాకా ఖాళీలు నింపటానికి బయటి దేశాల్నుంచి వాలంటీర్లని తెప్పించటం. మేం వెళ్ళేనాటికి ఆ పథకం ముగిసిపోయింది గానీ వాలంటీరు ఎందుకు అన్న ఆలోచన మాత్రం అప్పటిదే: కొన్నాళ్ళు ఖాళీ నింపు, ఈలోపు నేర్పు, వెళ్ళిపో.

నేర్పటం దగ్గరే మా ఆవిడ చాలా కష్టపడింది. పవర్‌పాయింట్లు, బొమ్మలతో చార్టులు, ప్రతి గురువారం మధ్యాహ్నం క్లాసు, హాజరుకి సంతకాలు, చివర్లో సర్టిఫికెట్లు. రాత్రిళ్ళు లాప్‌టాప్ ముందు కూచుని ఆ చార్టులు నేనే దిద్దిపెట్టేవాణ్ణి. చాలా బాగా నడిచింది. ఆసుపత్రి వాళ్ళు కూడా మెచ్చుకున్నారు. మేం వచ్చేసిన ఏడాదిలో ఆ క్లాసులకొచ్చిన నర్సులు ఒక్కొక్కళ్ళూ వేరే వార్డులకి మారిపోయారు, అక్కడ నర్సుల్ని వార్డులు మార్చి మార్చి వేస్తారు, ఒకరు ఆపరేషన్ థియేటర్‌కి, ఒకరు మగవాళ్ళ వార్డుకి, ఒకావిడ జిల్లా మారిపోయింది. చార్టులు గోడ మీద ఉన్నాయంతే.

మిగిలిందేంటో తెలుసా? ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ వెనకాల ఒక స్పాంజి ఫిల్టర్ ఉంటుంది. మెషీను గదిలో గాలిని లాక్కుని దాన్నుంచి ఆక్సిజన్ తీస్తుంది, ఆ స్పాంజికి దుమ్ము పట్టేస్తే మెషీను వేడెక్కుతుంది, ఆక్సిజన్ పలచబడిపోతుంది, బయటికి మాత్రం బాగానే నడుస్తున్నట్టు కనపడుతుంది. వారానికోసారి సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టాలి. జోంబాలో ఎండాకాలం ఎర్రదుమ్ము ఎలా ఉంటుందో చూడాలి మీరు. ఈ పని క్లాసులో లేదు, అది నర్సులకి చెప్పాల్సిన విషయమే కాదనుకున్నారు అందరూ. వార్డు తుడిచే ఒక పెద్దావిడ మా ఆవిడ కడుగుతుంటే చూసి, నాకివ్వు నేను కడుగుతాను అంది. రెండో స్పాంజి ఒకటి తెచ్చి పెట్టుకున్నారు, ఒకటి ఆరుతుంటే ఒకటి మెషీన్లో. ఆ పెద్దావిడకి వార్డు మార్పులూ బదిలీలూ లేవు. మొన్నీమధ్య కూడా అక్కడి నర్సు ఒకావిడ వాట్సాప్‌లో చెప్పింది, ఆ పని నడుస్తోందట, ఆ పెద్దావిడ ఇంకో ఇద్దరికి నేర్పిందట.

అంటే రెండేళ్ళ తర్వాత లెక్క తీస్తే సర్టిఫికెట్లు సున్నా, స్పాంజి ఒకటి. సన్మాన సభలో ఇది చెప్తే జనం ఏమనుకుంటారు? మేం చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కానీ ఇప్పుడు జాంబియా నుంచి వచ్చిన ఇంజనీరు గారికో, రేపు వెళ్ళబోయే ఇంకొకరికో పనికొచ్చేది ఇదే, మా ఫోటోలు కావు. ఊరు మారనివాళ్ళు ఎవరో వెతుక్కోండి, వాళ్ళ చేతిలో పెట్టండి, వాళ్ళ ఉద్యోగం పేరేదైనా సరే.

ఇక్కడ నా మాటకి నేనే అడ్డుపడాలి. మా ఆవిడకి ఈ "ఏం మిగిలింది" ప్రశ్నే నచ్చదు. మా విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో నైట్ డ్యూటీ చేసిన నర్సుని పొద్దున్నే ఆపి, నువ్వెళ్ళిపోయాక ఏం మిగిలింది అని అడుగుతావా అంటుంది. ఆ రాత్రి ఆ పిల్లాడు బతికాడు, అది చాలదా, వాడు ఇప్పుడు బడికి వెళ్తుంటాడు, అది మిగలటం కాదా అంటుంది. దీనికి నా దగ్గర సమాధానం లేదు, నిజంగానే లేదు. ఇంకో విషయం కూడా ఆవిడే చెప్పింది. అక్కడ ఒక నర్సు పై చదువుకి వెళ్ళాలని ఏళ్ళ తరబడి అడుగుతుంటే వార్డులో మనిషి లేదని ఆపేస్తున్నారట, మా ఆవిడ డ్యూటీలు పంచుకోబట్టి ఆవిడని వదిలారు, ఆవిడ చదువు పూర్తి చేసి వెనక్కొచ్చి ఇప్పుడు అదే జిల్లాలో నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెప్తోంది. ఊరికే ఖాళీ నింపటం అని మేం చిన్నచూపు చూసిన పనే, లెక్కలో అన్నిటికంటే పెద్దది అయింది. కాబట్టి ఏం మిగిలిందని అడగండి గానీ మిగలకపోతే పాసు కాలేదని మాత్రం అనకండి.

కస్తూర్బా గారి నెక్లెస్

రెండో ప్రశ్న ఇంట్లోవాళ్ళ గురించి. ఫ్యామిలీ ఫ్యామిలీ అంటారు, మాట్లాడేదేమో ఉద్యోగం ఉన్న ఒక్క మనిషి గురించి.

1901లో గాంధీ గారు దక్షిణాఫ్రికాలోని నాటల్ వదిలి కుటుంబంతో ఇండియాకి బయల్దేరుతుంటే అక్కడి భారతీయులు బంగారం, వెండి, వజ్రాల కానుకలిచ్చారు, అందులో ఒకటి కస్తూర్బా కోసం 50 గినీల (అప్పటి బ్రిటిష్ డబ్బు లెక్క) ఖరీదు చేసే నెక్లెస్. ప్రజాసేవకి కానుకలేంటని ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదట, అన్నీ కలిపి అక్కడివాళ్ళ కోసం ఒక ట్రస్టుకి రాసేశారు. ముందు పిల్లల్ని ఒప్పించి తర్వాత ఆవిడ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఊరుకోలేదు. మీరు చేసిన సేవ నేను చేసినట్టు కాదా, పగలూ రాత్రీ మీకూ ఇంటికొచ్చినవాళ్ళకీ చాకిరీ చేశాను, అది సేవ కాదా అని నిలదీసింది. ఇదంతా ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు, చివరికి ఆవిడ చేత ఎలాగో ఒప్పించుకున్నానని కూడా రాశారు. చాలామంది ఇది చదివి ఆయన నిస్వార్థం చూస్తారు. నాకు మాత్రం మలావీ నుంచి వచ్చాక ఆవిడ ప్రశ్నే గట్టిగా వినపడుతోంది, ఎందుకంటే మా ఇంట్లో నేను కస్తూర్బా పార్టీ.

నేను బ్యాంకులో జీతం లేని సెలవు పెట్టి వెళ్ళాను. అక్కడ నా పని వంట, పిల్లల్ని దిగబెట్టటం, నీళ్ళ ట్యాంకు, బజారు, ఆసుపత్రి స్టోర్లో మందుల లెక్కలు కంప్యూటర్లో ఎక్కించటంలో సాయం. మగాడు వంట చేస్తాడా అని కాపలా ఆయన మొదట్లో నవ్వేవాడు. తిరిగొచ్చాక ఇక్కడ నవ్వినంత మాత్రం అక్కడ నవ్వలేదు. "మేడం గారు సేవ చేశారు, మరి తమరు?" అని ఒకాయన స్టేజీ మీదే అడిగాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంక్రిమెంట్లు పోయాయి, నా తర్వాత చేరినవాళ్ళు ముందుకెళ్ళారు. మా ఆవిడకి ఇంకోరకం దెబ్బ, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇంటర్వ్యూకెళ్తే హెచ్ఆర్ అమ్మాయి ఆ రెండేళ్ళూ చూసి, ఈ గ్యాప్ ఎందుకొచ్చింది మేడం అంది. రోజుకి ముప్ఫైమంది పసిపిల్లల్ని చూసిన కాలం గ్యాప్ అట.

పిల్లల సంగతి చెప్పాలంటే నాకు రెండు మాటలూ ఒకేసారి వస్తాయి. చిన్నాడికి అదంతా సెలవుల్లో ఆటలాగే అయిపోయింది, పక్కింటి పిల్లలతో అక్కడి భాష చిచేవా గలగలా మాట్లాడేవాడు, పెద్దవాళ్ళకి ఏదైనా ఇచ్చేటప్పుడు అక్కడి పిల్లల్లా మోకాలు వంచేవాడు, విజయనగరంలో మా అమ్మకి అలాగే మోకాలు వంచి మంచినీళ్ళిస్తే ఆవిడ మురిసిపోయి వీధంతా చెప్పింది. పెద్దమ్మాయికి అలా కాదు. డిసెంబర్లో వచ్చి స్కూలు మధ్యలో చేరింది, అక్కడ సంవత్సరం సెప్టెంబర్లో మొదలవుతుంది ఇక్కడ జూన్‌లో, తెలుగు రాయటం వెనకబడింది, పాత ఫ్రెండ్స్‌కి కొత్త ఫ్రెండ్స్ వచ్చేశారు. దానికి తోడు ఎండకి నల్లబడి వచ్చిందని క్లాసులో "ఆఫ్రికా" అని పేరు పెట్టారు. కంప్లైంట్ చెప్దామని వెళ్తే టీచరమ్మ కూడా నవ్వుతూ "ఆ, ఆఫ్రికా వాళ్ళ నాన్నగారా, రండి" అంది. అంత మామూలుగా అంది, ఏమనాలో నోట మాట రాలేదు.

కుటుంబంతో వెళ్ళొద్దంటున్నానా? లేదు. ఒంటరిగా వెళ్ళొచ్చినవాళ్ళని చూశాను, వాళ్ళు సాయంత్రాలు ఎక్కువగా తమలాంటి విదేశీయులతోనే గడిపేవాళ్ళు. మాకు పిల్లలుండబట్టి బడి, బజారు, పక్కిళ్ళు, చర్చి దగ్గర పెళ్ళిళ్ళు, ఇవన్నీ తప్పనిసరిగా వచ్చిపడ్డాయి, ఊళ్ళో మనుషుల్లా బతికాం. కానీ పంపే సంస్థలు వెళ్ళేముందు వారాల ట్రైనింగ్ ఇస్తాయి, ఎల్లో ఫీవర్ టీకా దగ్గర్నుంచి దోమతెర కట్టటం దాకా చెప్తాయి, తిరిగొచ్చేటప్పుడు మాకు దక్కింది ఒక ఈమెయిలూ ఒక ఫీడ్‌బ్యాక్ ఫారమూ. వచ్చిన నెలలో పిల్లాడికి జ్వరమొస్తే ఇక్కడి డాక్టర్ డెంగ్యూ టెస్టు రాశాడు, ఆఫ్రికా నుంచి వచ్చాం, ముందు మలేరియా చూడండి, అక్కడిది ప్రాణాలమీదికి తెచ్చే రకం అని మా ఆవిడ పట్టుబట్టాల్సి వచ్చింది. నర్సు కాబట్టి తెలిసింది. ఇంజనీరు గారికి ఇది ఎవరైనా చెప్పారో లేదో, ఆదివారం దాకా ఆగకుండా ఫోన్ చేసి చెప్పాలి.

వెళ్ళిపోగలగటం

2017 సెప్టెంబర్, అక్టోబర్లలో దక్షిణ మలావీలో రక్తం పీల్చేవాళ్ళు తిరుగుతున్నారని పుకార్లు లేచాయి. మనకీ పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళ వాట్సాప్ పుకార్లు తెలుసుగా, అలాంటిదే. అనుమానం మీద మూకలు కొందరిని చంపేశాయి. ములాంజే, ఫలోంబే జిల్లాల్నుంచి ఐక్యరాజ్యసమితి తన సిబ్బందిని వెనక్కి రప్పించింది. మాకూ మెసేజ్ వచ్చింది, చీకటి పడ్డాక బయటికి వెళ్ళొద్దు, బ్యాగులు సర్దుకుని ఉంచుకోండి, అవసరమైతే బ్లాంటైర్ తీసుకెళ్తాం అని. మా ఆవిడకి రాత్రి డ్యూటీలు తీసేశారు.

తీసేసిన డ్యూటీలు ఎవరు చేశారు? అక్కడి నర్సులే, చీకట్లో నడిచొచ్చి. వాళ్ళకి బ్లాంటైర్ మెసేజ్ రాలేదు. వాళ్ళూ భయపడ్డారు, వాళ్ళకీ పిల్లలున్నారు. దీని గురించి వాళ్ళెవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు, పైగా జాగ్రత్తగా ఉండమన్నారు. ఆ దేశంలో మేం తిన్న తిండి, పడుకున్న ఇల్లు, జీతం, ఇవన్నీ ఎంత దగ్గరగా పెట్టినా ఈ ఒక్క తేడా పోదు. వాలంటీరు ఎప్పుడైనా తిరిగొచ్చేయగలడు. అందుకే తిరిగి రావటాన్నే ఘనకార్యంగా చేసి మేళతాళాలతో ఎదురెళ్తే నాకు మొహం చెల్లదు, అదొక్కటే అక్కడివాళ్ళ చేతిలో లేనిది.

"ఇక్కడ లేరా పేదలు?"

ఇది మమ్మల్ని అడిగారు, చాలాసార్లు అడిగారు, వెళ్ళేముందూ వచ్చాకా. మా మావయ్య గారైతే విమానం ఎక్కేదాకా అడిగారు. డాలస్ వెళ్ళే అబ్బాయిని, ఇక్కడ కంప్యూటర్లు లేవా అని ఎవరూ అడగరు, స్వీట్లు పంచుతారు. జీతానికి దూరం వెళ్తే తెలివి, జీతం తక్కువకి దూరం వెళ్తే పిచ్చి. ఇది అప్పట్లో నా రెడీమేడ్ జవాబు, బాగా పేలేది కూడా.

కానీ ఆ ప్రశ్నలో సరుకుంది, జవాబు పేలినంత మాత్రాన పోదు. మా విశాఖకి గంటల దూరంలో పాడేరు వైపు గర్భిణుల్ని డోలీలో మోసుకొచ్చే వార్తలు ఇప్పటికీ వస్తుంటాయి. వచ్చాక మా ఆవిడ నిజంగానే కనుక్కుంది, ఆర్నెల్లో ఏడాదో అక్కడ పసిపిల్లల వార్డులో పనిచేస్తాను, ఉండటానికి చోటిచ్చి కాస్త ఖర్చులిస్తే చాలు అని. ఎవర్ని అడిగినా నోటిఫికేషన్ పడితే అప్లై చేసుకోండి మేడం అన్నారు, లేకపోతే ఆదివారం మెడికల్ క్యాంపులు ఉంటాయి వస్తారా అన్నారు. మలావీలో ఏడాది పైన పనిచేయటానికి ఇల్లు, ఇన్సూరెన్సు, ఒక వరస అన్నీ ఉన్నాయి, మన కొండమీదికి వెళ్ళటానికి మేం వెతికిన చోట అలాంటి ఏర్పాటు దొరకలేదు. కాబట్టి పేదలు లేరా అన్న పెద్దలకి నా వినతి, పేదలున్నారండీ, దారి చూపించండి. పెన్షన్ తీసుకుంటున్న నర్సులు, టీచర్లు, ఇంజనీర్లు ఈ ఒక్క ఊళ్ళోనే ఎంతమంది ఉంటారు.

ఇంకో లెక్క కూడా ఇక్కడిదే, ఇది రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. ఆంధ్రా యూనివర్సిటీలో ఆఫ్రికా దేశాల విద్యార్థులు చాలామంది చదువుతారు, బీచ్ రోడ్డులో సాయంత్రాలు కనపడుతూనే ఉంటారు. మా అపార్ట్‌మెంట్లో ఒక ఫ్లాట్ ఓనరు అమెరికాలో ఉంటాడు, ఆయన ఫ్లాట్ అద్దెకి ఇద్దరు టాంజానియా కుర్రాళ్ళు వచ్చారు, ఒకడు పీహెచ్‌డీ చేస్తున్నాడు. టూ-లెట్ బోర్డు ఉంది, అద్దె కుదిరింది, అడ్వాన్స్ తీసుకోబోతుంటే గ్రూపులో గొడవ. ఫ్యామిలీస్ ఉండే చోటు, వాళ్ళ అలవాట్లు వేరు, లిఫ్టులో ఆడపిల్లలు వెళ్తుంటారు, ఇలా. మా ఆవిడ ఒక్కతే రాసింది, మమ్మల్ని వాళ్ళు ఇల్లిచ్చి ఊళ్ళో పెట్టుకున్నారండీ అని. చాలామంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఫ్లాట్ ఇవ్వలేదు.

మేం మలావీలో ఉండగా 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల్ని కొట్టిన వీడియోలు అక్కడిదాకా వచ్చాయి. ఆసుపత్రిలో ఒక క్లినికల్ ఆఫీసరు, వీళ్ళు డాక్టరు డిగ్రీ లేకుండానే అక్కడ సిజేరియన్లు కూడా చేసేస్తారు, చాలా నిదానమైన మనిషి, ఫోన్లో ఆ వీడియో చూపించి "మీ ఊళ్ళో కూడా ఇలాగేనా?" అని అడిగాడు. మా ఊళ్ళో ఇలా ఉండదు అన్నాను. ఇప్పుడు అడిగితే, కొట్టరు, ఇల్లివ్వరు అని చెప్పాలేమో. సింహం బొమ్మ వేసిన పోస్టరూ, ఆ చేతులు జోడించిన బొమ్మలూ ఒకే గ్రూపులో ఉన్నాయి, కాస్త పైకి స్క్రోల్ చేస్తే కనపడతాయి.

కందిపప్పు లెక్క

మనం తినే కందిపప్పుకీ మలావీకీ ఉన్న సంబంధం మాకు అక్కడే తెలిసింది. మా కాపలా ఆయనది చిరాద్జులు జిల్లా, ఊళ్ళో మొక్కజొన్న మధ్యలో కంది వేస్తారు. దక్షిణ మలావీ అంతా అంతే, కందిని నందోలో అంటారు, అక్కడ కొంత తింటారు, మిగతాది అమ్ముకుంటారు, కొనేది ఎవరయ్యా అంటే ప్రధానంగా మనమే. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఎండు తెగులు తట్టుకునే కంది రకాల మీద మలావీలో ఏళ్ళ తరబడి పనిచేశారు, వాళ్ళకి ఏ అపార్ట్‌మెంట్లోనూ సన్మానం జరిగినట్టు లేదు.

2015లో మన దగ్గర కందిపప్పు కిలో 200 దాకా వెళ్ళింది, గుర్తుందిగా. అప్పుడు కావాలి కావాలి అని కొన్నాం, అక్కడి రైతులు ఎక్కువ వేశారు. తర్వాత ఇక్కడ వానలు బాగా పడి పంట విరగపండింది, మన రైతుకి ధర పడిపోయింది, 2017 ఆగస్టులో ఢిల్లీ వాళ్ళు కంది దిగుమతి ఏడాదికి 2 లక్షల టన్నులకి మించకూడదని నోటిఫికేషన్ ఇచ్చారు. మొజాంబిక్‌తో అంతకుముందే కంది కొంటామన్న ఒప్పందం ఉంది కాబట్టి వాళ్ళకి కొంత ఊరట, మలావీకి ఒప్పందం లేదు. అదీ సరిగ్గా అక్కడ కోతలు పూర్తవుతున్న రోజుల్లో. కాపలా ఆయన బస్తాలు ఇంట్లో పెట్టుకుని కూచున్నాడు, దళారీ చెప్పిన ధర బస్తా మోత కూలికి కూడా సరిపోదు. పిల్లాడి సెకండరీ స్కూలు ఫీజు ఆ డబ్బుతోనే కట్టాలి. మేం కట్టాం, అది పెద్ద విషయం కాదు, మా ఇంటికి కాపలా ఉన్నాడు కాబట్టి కట్టాం, ఆ జిల్లాలో మిగతావాళ్ళకి ఎవరు కడతారు?

ఢిల్లీ తప్పు చేసిందని తేలిగ్గా అనలేను. తాండూరు కంది రైతు కూడా అదే ఏడాది ధర లేక ఏడ్చాడు, ఏ ప్రభుత్వమైనా ముందు తన రైతుని చూసుకోవాలి. కానీ ఒక్క కాగితంతో ఆ జిల్లాలో ఎన్ని ఇళ్ళు తలకిందులయ్యాయో చూశాక, మా ఆవిడ రెండేళ్ళు రాత్రీ పగలూ నిలబెట్టిన పిల్లల్లో ఎంతమంది ఆ ఇళ్ళవాళ్ళో అని ఆలోచించకుండా ఉండలేకపోయాను. 2021లో మలావీతోనూ ఒప్పందం కుదిరింది, ఏడాదికి 50 వేల టన్నుల చొప్పున అయిదేళ్ళు. ఇప్పుడు మనం సూపర్ మార్కెట్లో కొనే ప్యాకెట్లో ఎంతో కొంత అక్కడిది ఉండే ఉంటుంది. ఆఫ్రికా కోసం ఏమైనా చేయాలని ఉందండీ అని అడిగేవాళ్ళకి నేను వాలంటీరు ఫారం కంటే ముందు ఈ ఒప్పందం గురించి చెప్తున్నాను, ఆ అయిదేళ్ళ తర్వాత కొత్తది కుదురుతుందా, విత్తనం వేసే కాలానికి ముందే కోటా ఎంతో చెప్తారా, ఇది మన ఎంపీలని అడగదగ్గ విషయం. చాలామందికి ఇది బోరు కొడుతుంది, పిల్లల ఫోటోలు చూపించమంటారు.

కాపలా ఆయన కొడుకు సెకండరీ అయిపోయి మినీబస్సు కండక్టరుగా చేస్తున్నాడు, అప్పుడప్పుడూ వాయిస్ మెసేజ్ పెడతాడు. ఒప్పందం సంగతి చెప్తే వాళ్ళ నాన్నని అడిగి చెప్పాడు. ఈసారి కంది తగ్గించి సోయా వేశారట. ఎందుకంటే, మీవాళ్ళు ఎప్పుడు కొంటారో ఎప్పుడు మానేస్తారో తెలీదన్నాడట ఆయన.